అణువిద్యుత్కేంద్రములలో తీగెల వయస్సు

పాత మిద్దెలలో కాపురముండువారికి ఈ యనుభవము క్రొత్తది కాదు. చెక్కపట్టీల మీద బిగించిన విద్యుత్తు తీగె యేండ్ల తరబడి దీపమును వెలిగించుచునే యుండును. ఒకనాడు స్విచ్చి మార్చుటకై మేస్త్రీ వచ్చి ఆ తీగెను కొంచెము వంచును. వెంటనే దాని రబ్బరు తొడుగు ఎండిన బెరడువలె పెళపెళ రాలిపోయి లోని రాగి బయటపడును. నిన్నటి రాత్రి వఱకు దీపము చక్కగా వెలిగెనే యని గృహస్థు విస్తుపోవును. పొలములలో మోటార్లు పెట్టుకొన్న రైతులకును ఇది తెలియనిది కాదు. నూతిగట్టు మీద ఎండలో పడియుండిన తీగె ఏ కొలదియేండ్లకో గట్టిపడి పగులును. అదే చుట్టనుండి కోసి షెడ్డులో నీడపట్టున బిగించిన తీగె మెత్తగనే యుండును. రెండింటిని కొన్న దినమొక్కటియే, వాని వయస్సు మాత్రము ఒక్కటి కాదు.

తీగె పనిచేయుచున్నదనుట వేఱు, తీగె బాగుగ నున్నదనుట వేఱు. ఇంటిలో ఈ భేదమును గుర్తింపకున్న నొక దీపము ఆరును, లేదా ఒకరికి షాకు తగులును. అణువిద్యుత్కేంద్రములో గుర్తింపకున్న నేమగునో విచారించుట ఈ వ్యాసమున మా యుద్దేశము. ప్రపంచములోని అణుకేంద్రములు పెక్కు వార్ధక్యమున ప్రవేశించినవి. వానిని మూసివేయక మఱి యిరువది, నలువది యేండ్లు నడపవలయునని ప్రభుత్వములు కోరుచున్నవి. రియాక్టరు పాత్రను గూర్చియు, గొట్టములను గూర్చియు చర్చలు విరివిగా జరుగుచున్నవి. తీగెలను గూర్చి పత్రికలలో ఒక్క ముక్కయు కానరాదు.

ఒక్క కేంద్రములో పఱచిన తీగెల పొడవు వేయి కిలోమీటరులకు అటునిటుగా నుండును. కొన్నిట అంతకు మించును. విశాఖపట్టణమునుండి హైదరాబాదునకు పోయి తిరిగి వచ్చినంత దూరమన్నమాట. వీనిలో కొన్ని పంపులకును మోటార్లకును శక్తి నందించునవి. కొన్ని కవాటములను తెఱువుమని, మూయుమని ఆజ్ఞలు మోయునవి. తక్కినవి వేడి, ఒత్తిడి, నీటిమట్టము మొదలగువాని కొలతలను నియంత్రణశాలకు చేరవేయునవి. ఈ కడపటి తరగతి తీగెలు సన్ననివి, చూపునకు అల్పములు. కాని నియంత్రణశాలలో కూర్చున్నవానికి రియాక్టరు లోపలి సంగతి తెలియుట వీనివలననే. అవి అబద్ధము చెప్పినచో అతడు అబద్ధమునే నమ్మవలయును.

తీగెలోని రాగికి ముసలితనము లేదనవచ్చును. చెడునది తొడుగు. పాత కేంద్రములలో పీవీసీ, పాలిథీను, రబ్బరు తొడుగులుండెను. తరువాతి వానిలో అడ్డుబంధములు వేసి గట్టిపఱచిన పాలిథీనును, ఎథిలీను ప్రొపిలీను రబ్బరును వాడిరి. ఇవన్నియు దీర్ఘమైన అణుమాలికలతో అల్లిన పదార్థములు. వేడి తగిలినను, వికిరణము సోకినను ఆ మాలికలు అక్కడక్కడ తెగును; తెగిన చోట గాలిలోని ఆమ్లజని వచ్చి చేరును. దాని నరికట్టుటకు తయారుచేయునపుడే కొన్ని రక్షకద్రవ్యములను కలుపుదురు. అవి యున్నంతకాలము తొడుగు నిగనిగలాడుచునే యుండును. కొంచెము కొంచెముగ అవి వ్యయమై పోయిన పిమ్మట పతనము వేగముగ సాగును. ఇరువది యేండ్లు ఏమార్పును కానరాని తీగె ఇరువదియైదవ యేట పెళుసెక్కుట ఇందువలననే. గడచిన కాలమును చూచి రానున్న కాలమునకు ధైర్యము చెప్పుట ఇచ్చట పనికిరాదు.

ఇంతకంటె చిక్కైన విషయ మొకటి కలదు. పెళుసెక్కిన తొడుగు కదలనంతవఱకు విద్యుత్తును చక్కగనే యాపును. పొడిగా నున్న బీటలో గాలి తప్ప మఱేమియు నుండదు. గాలియు విద్యున్నిరోధకమే కదా! కావున నిత్యపరీక్షలలో ఆ తీగె తప్పక ఉత్తీర్ణమగును. దానికి అసలైన పరీక్ష ప్రమాదదినమున వచ్చును. రియాక్టరు గొట్టము పగిలి, కట్టడములోపల వేడియావిరి నిండిన దినమున ఆ తేమ బీటలలో దూఱును. అన్ని తీగెలును ఒకే వయస్సువి, ఒకే యావిరిలో నున్నవి. ఒకటి చెడిన మఱియొకటి యున్నదని రెండు మూడు వరుసలుగా నేర్పఱచిన రక్షణయంతయు ఒకే గంటలో ఒకే కారణమున చెడుటకు అవకాశము కలుగును. ఏనాడు మిక్కిలి యవసరమో ఆనాడే తీగె మోసపుచ్చునన్నమాట.

తీగెలన్నియు ఒక్కమాఱుగా పోయిన నెట్లుండునో మన దేశము ఒకతూరి చూచియున్నది. ఆ వృత్తాంతమును కొంచెము వివరముగా జ్ఞాపకము చేసికొనుట యుక్తము. ఉత్తరప్రదేశమున గంగానది యొడ్డున నున్న నరోరా కేంద్రములో 1993 మార్చి 31వ తేదీ తెల్లవాఱకమునుపు టర్బైనునందలి రెండు రెక్కలు విఱిగినవి. యంత్రము విపరీతముగా కంపించెను. జనరేటరును చల్లార్చుచుండిన ఉదజని బయటపడి మండెను. నూనె దానికి తోడయ్యెను. మంట తీగెల నంటుకొని తీగెలవెంటనే ప్రాకెను. నిత్యమైన విద్యుత్తును తెచ్చు తీగెలును, ఆపదకాలమున ఆదుకొనవలసిన విద్యుత్తును తెచ్చు తీగెలును వేఱు దారుల పోవక కలిసియే పోవుచుండెను, కలిసియే దగ్ధమయ్యెను. కేంద్రము 17 గంటలపాటు విద్యుత్తులేక నిలిచెను. పొగ కమ్ముటచే నియంత్రణశాలను సయితము విడువవలసి వచ్చెను. ఉద్యోగులు అంతకుమునుపే రియాక్టరును ఆపియుండిరి. కాని, ఆపిన రియాక్టరులోను వేడి పుట్టుట మానదు. కొందఱు చేతిదీపములు పట్టుకొని రియాక్టరు భవనము పైభాగమున కెక్కి, బోరాను కలిపిన ద్రవము తనంతట తాను క్రిందికి దిగునట్లు కవాటములను చేతులతో త్రిప్పిరి. మంటలార్పుటకై యుంచిన డీజిలు పంపులతో బాయిలర్లకు నీరందించిరి. వికిరణము వెలుపలికి రాలేదు. అంతర్జాతీయ ప్రమాణములో ఆ ప్రమాదమునకు 3వ స్థాన మీయబడెను. ఆ రాత్రి ఆ మెట్లెక్కినవారికి దేశము ఋణపడియున్నదని చెప్పుటకు మేము సంకోచింపము.

నరోరాలో కాలిన తీగెలు ముసలివి కావు. ఆ రియాక్టరు మొదట పనిచేసినది 1989లో. అక్కడి దోషము తీగెలను పఱచిన తీరునందున్నదే గాని వయస్సునందు లేదు. అయినను తీగెలు పోయిన కేంద్రము కన్నులు, చెవులు, చేతులు పోయిన మనుష్యునివంటిదని ఆ రాత్రి ఋజువయ్యెను. మంట చేసిన పనినే ముసలితనమును ఆవిరియు కలిసి చేయగలవా యనునదే ప్రశ్న.

ఇక ఆయువు లెక్క. అమెరికాలో అణుకేంద్రములకు తొలుత 40 ఏండ్లకు అనుమతి నిచ్చిరి. ఈ 40 అను సంఖ్య ఏ శాస్త్రజ్ఞుడును కొలిచి తేల్చినది కాదు. పెట్టుబడి తీఱు కాలమును, గుత్తాధిపత్యమును నివారింపవలయునను తలంపును చూచుకొని శాసనకర్తలు పెట్టిన గడువది. కాని గడువు పెట్టినంతనే పరికరములు చేయువారందఱు దానినే లక్ష్యముగ గైకొని, తమ సరకు 40 ఏండ్లు నిలుచునని చూపవలసివచ్చెను. పిదప ఆ గడువును 60 ఏండ్లకు పెంచిరి. 2019లో ఫ్లారిడాలోని టర్కీ పాయింటు కేంద్రమునకు మొదటిసారిగా 80 ఏండ్ల వఱకు అనుమతి నొసగిరి. తీగెలు మాత్రము నాడు పఱచినవే.

నలువది యేండ్లు నిలుచునని తీగెకు యోగ్యతాపత్రము ఎట్లు పుట్టినది? ఎవ్వరును నలువది యేండ్లు వేచియుండలేదు. స్వీడను దేశీయుడగు అర్రీనియసు అను రసాయనశాస్త్రజ్ఞుడు 1889లో ఒక సూత్రమును తెలిపెను. వేడి పెరిగినకొలది రసాయనక్రియలు ఏ లెక్కను త్వరపడునో దానివలన తెలియును. స్థూలముగ పది డిగ్రీలు పెరిగిన క్రియ రెట్టింపగునని చెప్పుదురు. ఇంతే ఆధారము. తీగెను కొలిమిలో పెట్టి కొన్ని దినములు కాచి, పిమ్మట వికిరణమునకు గుఱిచేసి, కడపట వేడియావిరిలో నుంచి, అప్పటికిని విద్యుత్తును నిలిపెనేని అది 40 ఏండ్లకు తగినదని వ్రాసికొందురు. తఱచుగా వాడుచు వచ్చిన వికిరణపు మోతాదు 20 కోట్ల రాడ్లు: నలువది యేండ్ల నిత్యజీవితమునకు 5 కోట్లు, ఒక ప్రమాదమునకు 15 కోట్లు. పెద్ద పరీక్షయే. ఇందలి శ్రమను మేము తక్కువగా నెంచుట లేదు.

కాని లెక్కను కొంచెము విప్పి చూతము. కేంద్రములో తీగె యుండుచోటి వేడి 50 డిగ్రీలు, కొలిమి వేడి 130 డిగ్రీలు అనుకొందము. అర్రీనియసు సూత్రములో పదార్థ స్వభావమును తెలుపు సంఖ్య యొకటి కలదు. అది 1 ఎలక్ట్రాను వోల్టు అని యెంచినచో కొలిమిలో సుమారు 12 దినములు కేంద్రములోని 40 ఏండ్లకు సమానము. ఆ సంఖ్య నిజమునకు 0.8 అయినచో? అవే 12 దినములు పదియేండ్లకు మించి సాక్ష్యము చెప్పజాలవు. కాగితముపై అయిదవ వంతు తేడా. ఆయువులో నాలుగింట మూడు పాళ్లు మాయము! ఇక తీగె ప్రక్కగా పోవు ఆవిరిగొట్టముపైని కప్పును మరమ్మతులకై తీసి మరల చుట్టుట మఱచిరనుకొనుడు. అచ్చట 50 డిగ్రీలకు బదులు 60 డిగ్రీలుండును. ఆ రెండుమూడు గజముల తీగె తక్కిన తీగెకంటె రెండింతల వేగముతో ముదుసలి యగును. మొత్తము తీగె ఆయువు ఆ రెండుమూడు గజముల ఆయువే.

లెక్క తప్పుటయే గాక, త్వరపెట్టుటలోనే ఒక మోసము కలదు. పొగబెట్టి త్వరపఱచి మాగించిన మామిడిపండు పైకి పచ్చబడును, లోపల పుల్లగనే యుండును. కొలిమిలో తొడుగు గతియు నదియే. తీవ్రమైన వేడిమి యందును, తీవ్రమైన వికిరణమునందును పైపొర ఆమ్లజనినంతయు త్రాగివేయును. లోపలికి ఆమ్లజని చొచ్చుటకు వ్యవధి చాలదు. పైన పెళుసు, లోన మెత్తన. కేంద్రములో నలువది యేండ్లు మెల్లమెల్లగ జరుగుపనికి వ్యవధి కావలసినంత కలదు. పదార్థమంతయు అడుగువఱకు చెడును. కొలిమి పరీక్ష తీగెను కరుణించినదన్నమాట.

ఇది ఊహ కాదు. అమెరికాలో సౌత్ కరోలినా రాష్ట్రమందలి సవానా రివరు రియాక్టరు కట్టడములో 12 ఏండ్లు ఉండిన తీగెలు పెళుసెక్కి పగులుచుండుట కనుగొనిరి. అవి పీవీసీ పైతొడుగును, పాలిథీను లోతొడుగును గలవి. వాని పరిసరములలో వేడి సుమారు 43 డిగ్రీలు. పన్నెండేండ్లలో తిన్న వికిరణము మిక్కిలియెక్కువ సోకిన చోటను 25 లక్షల రాడ్లు మాత్రమే. పరీక్షాశాలలో అదే మోతాదును త్వరగా నొసగి చూచిన ఆ పదార్థములకు హానియే కానరాలేదు. శాండియా పరిశోధనశాలకు చెందిన గిల్లెన్, క్లఫ్ అనువారు ఈ చిక్కును విప్పి 1980 ప్రాంతముల ప్రకటించిరి. మోతాదు ఎంత యనునదొక్కటే ప్రశ్న కాదనియు, అది ఎంతకాలమున పడెననునదియు ముఖ్యమనియు వారు నిరూపించిరి. కోట్ల రాడ్లకు ఓర్చునని యోగ్యతాపత్రములు పొందు కాలమున లక్షల రాడ్లకే తీగెలు పగులుట కంటె గట్టి హెచ్చరిక మఱేమి కావలయును?

అట్లయిన తీగె వయస్సును కనుగొను మార్గమేది? తొడుగును తీసి సాగదీసి చూచుట అన్నిటికంటె నమ్మదగినది. క్రొత్త తొడుగు తన నిడివికి రెండు మూడు రెట్లు అదనముగ సాగిన తరువాతనే తెగును. ముదిరినకొలది ఈ సాగుదల తగ్గును. తన నిడివిలో సగమైనను అదనముగ సాగకమునుపే తెగినచో ఆ తీగెకు ఆయువు తీఱినట్లు పెక్కుమంది యెంచుదురు. ఇట్టి తీగె వంచినంతనే పగులునని కాదు. ప్రమాదదినమునకై కొంత బలమును మిగిల్చియుంచవలయునని ఆ హద్దు పెట్టిరి. చిక్కేమనగా, ఈ పరీక్షకు తీగెను కోయవలయును. నడచుచున్న కేంద్రములో తీగెను కోయుటకు ఎవడొప్పుకొనును?

కావున కోయకయే తెలిసికొను ఉపాయములను వెదకిరి. అనుభవముగల పనివాని కన్నును చేయియు వానిలో మొదటివి. రంగు మాఱుట, బూజువలె పొడి తేలుట, వంచినపుడు మొరాయించుట అతడు గుర్తించును. సన్నని మొనను తొడుగుమీద మెల్లగా నొక్కి, ఎంత బలమునకు ఎంత దిగెనో కొలుచు పరికరము మఱియొకటి. పండు మాగినదో లేదో బొటనవ్రేలితో నొక్కి చూచుటవంటిదే యిది. తొడుగునుండి కొన్ని మిల్లీగ్రాముల పొట్టు గీచి, ఆమ్లజనిలో వేడిచేసి, అది ఎంతసేపటికి మండనారంభించునో చూచినచో రక్షకద్రవ్యము ఎంత మిగిలియున్నదో తెలియును. తీగె చివరనుండి పలువిధముల తరంగములను పంపి, దారిలో ఎచ్చట అవి తిరుగబడుచున్నవో చూచి దోషస్థానమును కనుగొను పద్ధతియు నార్వేలో అభివృద్ధి నొందెను. వీనిలో నేదియు ఒంటరిగ చాలదు. నొక్కి చూచు పరికరము పైతొడుగు సంగతి చెప్పును గాని లోతొడుగు సంగతి చెప్పదు. విద్యుత్పరీక్షలు బీట పడిన తరువాత చెప్పును గాని పడబోవుచున్నదని చెప్పుట యరుదు.

భూమిలో పాతిన పెద్ద తీగెల కథ వేఱు. వానికి వేడియు వికిరణమును శత్రువులు కావు, నీరు శత్రువు. కాలువలలో నిలిచిన నీరు తొడుగులోనికి సూక్ష్మముగ నెక్కి, కొమ్మలురెమ్మలుగా వ్యాపించును. నిపుణులు వీనిని నీటిచెట్లనియే పిలుతురు. అమెరికాలోని అణునియంత్రణ సంఘమువారు 2007లో కేంద్రములన్నిటిని లేఖ మూలమున ప్రశ్నింపగా, 104 రియాక్టరులలో 269 తీగెలు చెడినట్లు తేలెను. వానిలో అధికభాగము 11 మొదలు 30 ఏండ్ల వయస్సులోనే చెడినవి. అనగా నలువది యేండ్ల హామీ తీఱకమునుపే. అడిగినదాక ఈ లెక్క ఒకచోట చేరలేదనుటను పాఠకులు గమనింతురు గాక.

మూతపడిన కేంద్రములు ఈ విషయమున గురువులైనవి. ఇల్లినాయి రాష్ట్రమందలి జయాను కేంద్రము 1998లో మూతపడెను. దానిని విప్పునపుడు ఓక్ రిడ్జి పరిశోధకులు పాత తీగెలను సేకరించి పరీక్షించిరి. కొలిమిలో కాక, నిజముగ కాలముచే పండిన తీగెలవి. వియన్నాలోని అంతర్జాతీయ అణుశక్తిసంస్థ 2012లో ఈ విషయముననే ఒక గ్రంథమును ప్రకటించి, ప్రతి కేంద్రములోను నమూనా తీగెల నిక్షేపములుండవలయునని బోధించెను. మిక్కిలి వేడియు వికిరణమును గల చోట్ల, పనిచేయు తీగెల ప్రక్కనే, అదే చుట్టనుండి తీసిన ముక్కలను వ్రేలాడదీయుదురు. కొన్నియేండ్ల కొకతూరి ఒక ముక్కను తీసి, కోసి, సాగదీసి చూతురు. పంటలో నుండి వితండముగ వాదించుటకంటె కళ్లములో గింజను కొఱికి చూచుట మేలని మన రైతుకు వేఱుగ చెప్పనక్కరలేదు.

మన దేశమున తారాపురపు మొదటి రెండు రియాక్టరులు 1969లో పని నారంభించినవి; 2020లో వానిని దీర్ఘమైన మరమ్మతులకై ఆపిరి. రాజస్థానపు రెండవ రియాక్టరు, కల్పాకము, నరోరా, కాక్రపారు మొదటి జంటలు లోపలి గొట్టములను పూర్తిగ మార్చుకొని క్రొత్త ఆయువు పొందినవి. అణుశక్తి నియంత్రణమండలివారు కేంద్రములకు కాలపరిమితిగల అనుమతులనే యిచ్చుచు, పదియేండ్లకొకమాఱు సమగ్రమైన సమీక్ష జరుపుచున్నారు. ఈ యేర్పాటు మంచిదే. మేము కోరునది, ఆ సమీక్షలలో తీగెల సంగతి ఏమి తేలినదో ప్రజలకు తెలియుభాషలో ప్రకటింపవలయుననియే. ఏ కేంద్రములో ఎన్ని నమూనాముక్కలున్నవి, ఎన్ని కోసి చూచిరి, సాగుదల ఎంత మిగిలినది: ఈ మూడంకెలు ప్రకటించిన శత్రువునకు తెలియు రహస్యమేమియు లేదు. గొట్టములు మార్చినపుడు ఆయువు పెరిగినదని చాటుట సహజము. తీగెలను మార్చిరా, లేదా, మార్చనిచో ఏ పరీక్షవలన వానిని నమ్మిరి యనునదియు దానితోపాటు చాటవలయును గదా.

ఆంధ్రులకు ఇది పరాయివారి విషయము కాదు. శ్రీకాకుళము జిల్లా కొవ్వాడలో ఆరు పెద్ద రియాక్టరులు గల కేంద్రము ప్రతిపాదింపబడి యున్నది. భూములను గూర్చియు, చేపలవేటకు పోవువారి బ్రతుకును గూర్చియు అచ్చట వివాదము చాలకాలముగ సాగుచున్నది. దాని నిచ్చట ఎత్తుకొనము. ఆ కేంద్రము కట్టబడునేని, అచ్చటికై తలపెట్టిన తరగతి రియాక్టరునకు నిర్మాతలు చెప్పు ఆయువు 60 ఏండ్లు. నాడు తీగెను పఱచు మేస్త్రీ మనుమడు దానిని పరీక్షింపవలసి యుండును. నమూనాముక్కలు తరువాత తలచుకొని పెట్టునవి కావు. తీగెలు పఱచిన నాడే, అదే చుట్టనుండి కోసి పెట్టవలయును. కొన్ని వందల గజముల తీగె ఖర్చు. ఆ ముక్కలు ఎచ్చట వ్రేలాడునో, వాని లెక్క ఎవరి పుస్తకములో నుండునో, ఆ పుస్తకమును జిల్లావాసులు చూడవచ్చునో లేదో, ఒడంబడికలు వ్రాయుచున్నపుడే తేల్చుకొనవలసి యున్నది.